ఎర్ర లైటు ముందు కూర్చుంటే మోకాళ్ల నొప్పులు పోతాయా?

అమెరికా నుంచి పల్లెలకు చేరుతున్న కొత్త యంత్రం - ఉన్న గుణమెంత? చెబుతున్నదెంత?

ఉయ్యూరు, (మా విలేఖరి):

పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో రక్తపోటు చూసుకునే యంత్రం, షుగరు పరీక్షించుకునే యంత్రం ఎప్పుడో చేరిపోయాయి. ఇప్పుడు వాటి సరసన మరో కొత్త వస్తువు వచ్చి కూర్చుంటోంది. చూడటానికి గోడకు తగిలించుకునే పలకలా ఉంటుంది. స్విచ్ వేస్తే వరుసలు వరుసలుగా చిన్న చిన్న దీపాలు ఎర్రగా వెలుగుతాయి. గది గదంతా కుంకుమ చల్లినట్లు అయిపోతుంది. దాని ముందు కుర్చీ వేసుకుని పది నిమిషాలో, ఇరవై నిమిషాలో కూర్చోవాలి. అలా కూర్చుంటే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని, ముఖం మీద ముడతలు పోతాయని, రాలిన జుట్టు మళ్లీ మొలుస్తుందని, నిద్ర బాగా పడుతుందని ప్రచారం. దుకాణాల భాషలో దీని పేరు ‘రెడ్ లైట్ థెరపీ ప్యానెల్’. పల్లెల్లో మాత్రం ‘ఎర్ర లైటు మిషను’ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

కొందరికి పిల్లలు సూట్‌కేసులో పెట్టి తెచ్చి ఇస్తున్నారు. కొందరు ఫోనులో ప్రకటన చూసి ఇంటికే తెప్పించుకుంటున్నారు. చిన్నవి కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంటే, మనిషి ఎత్తు పలకల ధర లక్ష రూపాయల దాకా పోతోంది. ఒక ఎకరం కౌలుకు పోసే డబ్బు కన్నా ఇది ఎక్కువే. ఇంత సొమ్ము పోసి కొంటున్న వస్తువులో నిజంగా పస ఉందా? లేక ఇదీ తాయెత్తుల బాపతేనా? వాడుతున్నవారిని కదిలిస్తే తలో మాట చెబుతున్నారు. ఒకరు కాళ్లు తేలికపడ్డాయంటారు. మరొకరు నెల రోజులు కూర్చున్నా కరెంటు ఖర్చే మిగిలిందంటారు. ఈ రెండు మాటల నడుమ అసలు సంగతి ఏమిటో తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

పాత ఎర్ర బల్బు వేరు, ఇది వేరు

నడుము పట్టేస్తే ఎర్ర బల్బుతో కాపడం పెట్టించుకోవడం మనవారికి కొత్త కాదు. ఆసుపత్రుల్లోనూ, కొందరి ఇళ్లలోనూ 150 వాట్ల ఎర్ర గాజు బల్బులు చాలాకాలంగా ఉన్నాయి. అది పనిచేసేది వేడి వల్ల. ఇసుక మూటతోనో, వేడినీళ్ల సంచితోనో కాపడం పెడితే ఏ హాయి వస్తుందో, ఆ బల్బు వల్ల వచ్చేదీ అదే హాయి. కండరాలు వదులవుతాయి, రక్తం కాస్త ఎక్కువగా ప్రసరిస్తుంది.

కొత్త పలక సంగతి అది కాదు. ఇందులో ఉండేవి ఎల్‌ఈడీ దీపాలు. వేడి పుట్టించడం వీటి ఉద్దేశం కాదు. ఒక ప్రత్యేకమైన కొలతలో ఉన్న కాంతిని ఒంటి మీద పడేలా చేయడమే వీటి పని. కాంతిని కొలవడానికి నానోమీటరు అనే కొలత ఉంది. ఒక మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఈ పలకల్లో సాధారణంగా రెండు రకాల దీపాలు ఉంటాయి. ఒకటి 630 నుంచి 660 నానోమీటర్ల ఎర్ర కాంతి. ఇది కంటికి కనిపిస్తుంది. రెండవది 810 నుంచి 850 నానోమీటర్ల పరారుణ కాంతి. ఇది కంటికి దాదాపు కనిపించదు. అందుకే కొన్ని పలకల్లో సగం దీపాలు వెలగడం లేదని, మిషను చెడిపోయిందని కొనుగోలుదార్లు పొరబడుతుంటారు. ఎర్ర కాంతి చర్మం పైపొరల దగ్గర ఎక్కువగా ఆగిపోతే, పరారుణ కాంతి దానికంటే కాస్త లోతుకు పోతుంది.

ఎలుకల బొచ్చుతో మొదలైన కథ

కాంతితో వైద్యం అనేది నిన్న మొన్నటి ఆలోచన కాదు. డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్స్ ఫిన్‌సెన్ చర్మానికి వచ్చే క్షయను కాంతి కిరణాలతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అయితే అక్కడ పనిచేసింది ఎర్ర కాంతి కాదు, దానికి పూర్తిగా రెండవ కొసన ఉండే నీలి, అతినీల కిరణాలు. అదే ఫిన్‌సెన్ 1893లో మశూచి రోగులను ఎర్ర తెరలు కట్టిన గదుల్లో ఉంచితే మచ్చలు తక్కువ పడతాయని చెప్పాడు. మన ఊళ్లలో అమ్మవారు పోసిందనే ఆ జబ్బుకు ఎర్ర గదుల వైద్యం కొంతకాలం నడిచి, తరువాత మూలపడింది. మశూచి పోయింది ఎర్ర గదుల వల్ల కాదు, టీకాల వల్ల.

ఇప్పటి ఎర్ర లైటు కథ 1967లో హంగరీ రాజధాని బుడాపెస్టులో మొదలైంది. ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు మీద బొచ్చు గొరిగి, తక్కువ శక్తి గల ఎర్ర లేజరు కాంతిని దాని మీద వేశాడు. ఈ కిరణాల వల్ల క్యాన్సరు వస్తుందేమో చూద్దామన్నది ఆయన ఉద్దేశం. క్యాన్సరు రాలేదు సరికదా, కాంతి పడిన ఎలుకలకు మిగతా ఎలుకల కంటే ముందే బొచ్చు మొలిచింది. అక్కడి నుంచి ఆయన మానని పుండ్ల మీద ఈ కాంతిని ప్రయోగించి చూశాడు.

ఆ తరువాత అంతరిక్షం వంతు వచ్చింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990ల్లో వ్యోమనౌకల్లో మొక్కలు పెంచడానికి ఎర్ర, నీలి ఎల్‌ఈడీ దీపాలు వాడింది. 1995లో కొలంబియా నౌకలో ఈ దీపాల వెలుగులో బంగాళాదుంపలు ఊరించారు. మొక్కకు పనికొచ్చిన కాంతి గాయాలకు పనికిరాదా అని విస్కాన్సిన్ రాష్ట్రపు వైద్యులు నాసా సాయంతో పరిశోధన చేసి 2001లో ఫలితాలు ప్రకటించారు. ఇప్పుడు అమ్మకందార్లు ‘నాసా కనిపెట్టిన వైద్యం’ అని ఊదరగొట్టడానికి మూలం ఇదే. నాసా పరిశోధనకు సాయం చేసిన మాట నిజం. అంతమాత్రాన దుకాణంలో దొరికే ప్రతి పలకకూ నాసా పూచీ పడినట్లు కాదు.

ఒంట్లో జరిగేదేమిటి?

మన శరీరంలోని ప్రతి కణంలోనూ, రక్తంలోని ఎర్రకణాలు మినహా, మైటోకాండ్రియా అనే చిన్న చిన్న భాగాలు ఉంటాయి. బియ్యం మిల్లుకు మోటారు ఎలాంటిదో కణానికి ఇవి అలాంటివి. తిన్న తిండిని, పీల్చిన ప్రాణవాయువును కలిపి శక్తిని తయారు చేసేది ఇవే. ఎర్ర కాంతిని, పరారుణ కాంతిని మైటోకాండ్రియాలోని ఒక ఎంజైము పీల్చుకుంటుందని, దాంతో మోటారు వేగం కాస్త పెరుగుతుందని శాస్త్రజ్ఞుల్లో ఎక్కువ మంది చెబుతున్న మాట. వాపు తగ్గించే మార్పులు కూడా దీనివల్ల మొదలవుతాయంటున్నారు. ఇదొక్కటే కారణమా, ఇంకేమైనా ఉన్నాయా అన్న చర్చ వారి మధ్య ఇంకా సాగుతూనే ఉంది.

దేనికి పనిచేస్తుంది? దేనికి చేయదు?

పరిశోధనలన్నీ ఒక దగ్గర పెట్టి చూస్తే, అన్ని జబ్బులకూ ఒకే తీర్పు లేదు.

గట్టి సాక్ష్యం ఉన్నది ఎవరూ ఊహించని చోట. క్యాన్సరు రోగులకు మందులు, రేడియేషన్ ఇస్తున్నప్పుడు నోరంతా పూసి, మంచినీళ్లు కూడా మింగలేని పరిస్థితి వస్తుంది. ఆ పూత రాకుండా ఈ తరహా కాంతి కాపాడుతుందని రుజువైంది. బ్రిటన్ ప్రభుత్వపు వైద్య ప్రమాణాల సంస్థ ‘నైస్’ 2018లో దీనికి సమ్మతి తెలిపింది. అయితే ఇది ఆసుపత్రిలో, శిక్షణ పొందినవారు, నోటి లోపల కొలత ప్రకారం చేసే చికిత్స. ఇంట్లో పలక ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే వచ్చే ఫలితం కాదు.

జుట్టు విషయంలో ఓ మోస్తరు సాక్ష్యం ఉంది. వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకు ఒక లేజరు దువ్వెనను అమ్ముకోవడానికి అమెరికా ప్రభుత్వం 2007లో అనుమతించింది. నెలల తరబడి, వారానికి మూడు సార్లు వాడితే జుట్టు కొంత ఒత్తుగా అవుతుంది. మానేస్తే మళ్లీ మొదటికే. నున్నగా అయిపోయిన బట్టతల మీద మాత్రం మొలకలు రావు. ఎండిపోయిన మొక్కకు నీళ్లు పోసి లాభం లేదు కదా.

ముఖం మీద సన్నని ముడతలకు కొంత గుణం కనిపించింది. జర్మనీలో 136 మందితో జరిపి 2014లో ప్రచురించిన ప్రయోగంలో చర్మం నునుపు తేలినట్లు తేలింది. మార్పు కొద్దిపాటిదే.

ఇక అందరూ అడిగేది మోకాళ్ల నొప్పి. ఇక్కడే పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. 22 ప్రయోగాలను కలిపి పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. సరైన మోతాదులో లేజరు కాంతి వేస్తే మోకాలి అరుగుదల నొప్పి తగ్గుతుందని అది తేల్చింది. కానీ బ్రిటన్‌కు చెందిన అదే ‘నైస్’ సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో, మోకీళ్ల అరుగుదలకు లేజరు చికిత్స ఇవ్వవద్దని, చాలినంత సాక్ష్యం లేదని చెప్పింది. పైగా ఆ ప్రయోగాలు చేసింది ఫిజియోథెరపీ లేజరుతో, మోకాలి మీద నిర్ణీత స్థానాల్లో. కుర్చీలో కూర్చుంటే అల్లంత దూరం నుంచి పడే పలక వెలుగుకూ అదే ఫలితం వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు.

షుగరు తగ్గుతుందని, థైరాయిడ్ మాత్రలు మానేయవచ్చని, పక్షవాతం పోతుందని, కొవ్వు కరిగి సన్నబడతారని చెప్పే మాటలను మాత్రం నమ్మి మందులు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

యూరియా లాంటిదే కాంతి కూడా

ఈ వైద్యంలో అందరూ తప్పటడుగు వేసేది మోతాదు దగ్గర. పది నిమిషాలకు గుణం కనిపిస్తే గంట కూర్చుంటే ఆరింతలు గుణం వస్తుందనుకుంటారు. అది పొరపాటు. వరికి యూరియా వేసే రైతుకు ఈ సంగతి చెప్పనవసరం లేదు. తక్కువ వేస్తే పైరు ఎదగదు. తగినంత వేస్తే కళకళలాడుతుంది. మితిమీరి వేస్తే ఏపుగా పెరిగి, పురుగు పట్టి, చివరకు పడిపోతుంది. కాంతి కూడా అంతే. ఒక హద్దు దాటాక ఫలితం పెరగదు సరికదా తగ్గిపోతుందని ప్రయోగాల్లో తేలింది.

లెక్క కష్టమైనదేమీ కాదు. చర్మం మీద చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్ల కాంతి పడుతోందో తెలిస్తే చాలు. ఉదాహరణకు అరడుగు దూరంలో 50 మిల్లీవాట్లు పడుతోందనుకుందాం. అప్పుడు 20 సెకన్లకు ఒక జౌలు చొప్పున కాంతి చేరుతుంది. 10 నిమిషాలు కూర్చుంటే 30 జౌళ్లు. కుర్చీ కాస్త వెనక్కి జరిపి 25 మిల్లీవాట్లే పడేలా కూర్చుంటే అదే 10 నిమిషాలకు 15 జౌళ్లే. అంటే ‘రోజుకు 10 నిమిషాలు’ అన్న మాటకు దూరం చెప్పకపోతే అర్థమే లేదు. చీర, పంచె అడ్డం ఉన్నా కాంతి చర్మానికి సరిగా చేరదు.

ఇక్కడ మరో కిటుకు ఉంది. కొందరు అమ్మకందార్లు సౌర విద్యుత్తుకు వాడే మీటరుతో ఈ కాంతిని కొలిచి, ఉన్నదాని కంటే ఎక్కువ అంకెలు వేసుకుంటున్నారు. అలాగే ‘1000 వాట్ల మిషను’ అని అట్టపెట్టె మీద రాసినా, అది కరెంటు నుంచి నిజంగా లాగేది చాలా తక్కువ కావచ్చు. దీన్ని ఇంటి మీటరు దగ్గరే తేల్చుకోవచ్చు. 300 వాట్లు లాగే పలకను రోజుకు 20 నిమిషాలు వాడితే 10 రోజులకు ఒక యూనిట్టు కాలుతుంది. కరెంటు ఖర్చు భయపడవలసింది కాదు. మోసపోయేది కొనే ధర దగ్గరే.

మన చర్మానికి మన జాగ్రత్త

తెల్లవారి చర్మానికి చెప్పిన మోతాదు మనకు యథాతథంగా పనికిరాదు. అమెరికాలో జరిపి 2020లో ప్రకటించిన పరీక్షల్లో, తెల్ల చర్మం గలవారు చదరపు సెంటీమీటరుకు 480 జౌళ్ల ఎర్ర కాంతి దాకా తట్టుకోగా, రంగు చర్మం గలవారికి 320 జౌళ్లే సురక్షితమని తేలింది. ఇంట్లో పది నిమిషాలకు పడేది ఇందులో పదో వంతే కాబట్టి కంగారు పడనక్కరలేదు. కానీ పలకకు ముఖం ఆనించి గంటలు కూర్చునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముఖం మీద మంగు ఉన్న ఆడవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వెలుగు వల్ల, వేడి వల్ల మంగు ముదిరే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ముఖ్యం కళ్లు. ఎండలోకి చూస్తే కన్ను దానంతటదే మూసుకుంటుంది. పరారుణ కాంతి కంటికి కనిపించదు కాబట్టి కన్ను చిట్లదు, కనుపాప కుంచించుకోదు. తెలియకుండానే కాంతి లోపలికి పోతుంది. కాబట్టి పలకతో ఇచ్చిన నల్ల కళ్లజోడు పెట్టుకోకుండా కూర్చోకూడదు. మామూలు చలువ కళ్లద్దాలు దీనికి చాలవు.

పిల్లల విషయంలో చైనా అనుభవం చూసి నేర్చుకోవాలి. అక్కడ పిల్లలకు దూరదృష్టి మందగించకుండా, ఎర్ర కాంతి యంత్రంలోకి రోజూ కొద్ది నిమిషాలు చూపించే పద్ధతి బాగా వ్యాపించింది. గుణం కనిపించిన మాట నిజమే. కానీ 12 ఏళ్ల బాలికకు దీనివల్ల కంటిపొర దెబ్బతిన్నట్లు 2023లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. చైనా ప్రభుత్వం 2024 జూలై నుంచి ఈ యంత్రాలను అత్యంత కఠిన తనిఖీ ఉండే తరగతిలోకి మార్చింది. ముసలితనంలో వచ్చే ఒక రకం కంటిపొర జబ్బుకు కాంతి చికిత్స యంత్రాన్ని అమెరికా 2024 నవంబరులో అనుమతించింది. అది కంటి వైద్యుల దగ్గర ఉండే యంత్రం. ఆ పేరు చెప్పి ఇంటి పలక వంక చూస్తూ కూర్చుంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

ఎండ పడితే ఒళ్లు పొక్కే జబ్బులున్నవారు, అటువంటి మందులు వాడుతున్నవారు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు, క్యాన్సరు గడ్డలున్నవారు డాక్టరును అడగకుండా దీని జోలికి పోరాదు.

పసికందుల నీలి లైటు వేరు

పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు వస్తే ఆసుపత్రిలో లైటు కింద పెడతారు. ఇంట్లో ఎలాగూ లైటు మిషను ఉంది కదా, బిడ్డను ఇక్కడే పెడదామని ఎవరైనా అనుకుంటే అనర్థమే. బిడ్డకు పెట్టేది నీలి కాంతి. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు, ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటిపై పసుపు తగ్గడం గమనించింది. దాన్నుంచే ఆ వైద్యం పుట్టింది. కామెర్ల పసుపును విరగ్గొట్టే గుణం నీలి కాంతికి ఉంది. ఎర్ర కాంతితో ఆ పని జరగదు. ఆలస్యమైతే బిడ్డ మెదడు దెబ్బతింటుంది.

అసలు భయం షుగరు రోగుల పాదాలకే

షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పొలంలో ముల్లు దిగినా తెలియదు. పుండు పడ్డాకే చూసుకుంటారు. అటువంటి పుండ్లకు ఎర్ర కాంతి మేలు చేస్తుందని చిన్న చిన్న ప్రయోగాల్లో కనిపించింది. అవన్నీ డాక్టరు కట్టు కడుతూ, షుగరు అదుపులో ఉంచుతూ, కాలి మీద బరువు పడకుండా చూస్తూ, దానికి తోడుగా చేసినవే. కట్టు మానేసి, మాత్రలు మానేసి, లైటు ఒక్కటే నమ్ముకుంటే పుండు లోపలికి పాకుతుంది. వేలితో పోయేది పాదం దాకా, పాదంతో పోయేది మోకాలి దాకా వస్తుంది. పైగా స్పర్శ లేని కాలును వేడెక్కిన పలకకు ఆనిస్తే కాలినా తెలియదు.

ఇటువంటి విషాదానికి చరిత్రలో దాఖలా ఉంది. 1873లో బొంబాయిలో పుట్టిన దిన్‌షా ఘడియాలి అనే పార్సీ అమెరికా వెళ్లి, 1920లో రంగుల అద్దాల దీపం ఒకటి తయారు చేశాడు. షుగరుతో సహా సకల రోగాలూ దానితో పోతాయని వేలాది మందికి అంటగట్టాడు. చివరకు 1947లో అక్కడి కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. రంగుల దీపం పెట్టి ఇన్సులిన్ మాన్పించే వ్యాపారం ఇవాళ కొత్తగా పుట్టలేదన్న మాట.

అమెరికా ప్లగ్గు - మన కరెంటు

విదేశాల నుంచి తెచ్చిన పలకను గోడకు తగిలించే ముందు దాని వెనక చీటీ చదవాలి. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు. మనకు 230 వోల్టులు. చీటీ మీద ‘100-240’ అని ఉంటే ఇబ్బంది లేదు. ‘110-120’ అని మాత్రమే ఉంటే, ఇక్కడ స్విచ్ వేసిన క్షణంలోనే కాలిపోతుంది. బజారులో దొరికే ప్లగ్గు మార్పిడి ముక్క పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. పలక ఒళ్లు ఇనుముతో చేసింది కాబట్టి ఎర్తు ఉన్న మూడు పిన్నుల సాకెట్లోనే పెట్టాలి. స్నానం చేసి తడి ఒంటితో ముట్టుకోరాదు.

కొనేముందు

1. కాంతి ఎన్ని నానోమీటర్లో, ఎంత దూరంలో ఎన్ని మిల్లీవాట్లో కాగితం మీద ఉందా చూడాలి. ‘శక్తివంతమైన కిరణాలు’ అన్న ఒక్క మాటతో సరిపెడితే వదిలేయాలి.

2. ‘అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది’ అన్న మాటకు మురిసిపోవద్దు. అక్కడి ఎఫ్‌డీఏ పుస్తకంలో కంపెనీ పేరు నమోదు కావడం వేరు, యంత్రం పనిచేస్తుందని తేల్చి చెప్పడం వేరు. పంచాయతీలో ఇంటిపన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు గట్టిదని పంచాయతీ హామీ ఇచ్చినట్లు కాదు కదా.

3. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందకు వచ్చాయి. రోగం నయం చేస్తుందని అమ్మేవారిని లైసెన్సు నంబరు అడగాలి. ‘ఇది అందానికి మాత్రమే’ అని రసీదులో రాసి, నోటితో రోగాలన్నీ పోతాయని చెబితే అనుమానించాలి.

4. రసీదు తప్పనిసరిగా తీసుకోవాలి. ప్రకటనను కూడా దాచి ఉంచుకోవాలి.

మోసపోతే దారి ఉంది

షుగరు, క్యాన్సరు, పక్షవాతం, కంటిశుక్లం వంటి రోగాలు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. ఈ చట్టం మందులకే కాదు, శరీరం పనితీరును మారుస్తామని అమ్మే వస్తువులకూ వర్తిస్తుంది. చెప్పిన గుణం లేదని తేలితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, కొన్నవారు తమ జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు ఫీజు లేదు.

పెరటి చెట్టు వైద్యం

ఇంతకూ మోకాళ్ల నొప్పులవారు ఏం చేయాలి? లైటుకు ‘వద్దు’ అన్న వైద్య సంస్థలు కూడా మొదట చెప్పేది రెండే మాటలు. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం చేయాలి, బరువు తగ్గించుకోవాలి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి కాసేపు నిలిపి దించడానికి లక్ష రూపాయలు అక్కరలేదు. ఈ మాట ఊళ్లోని డాక్టరు చెబితే వినం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే రాలేదు. సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఎర్ర లైటు మీద మాత్రం గురి కుదురుతుంది.

ఇప్పటికే ఇంట్లో పలక ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. కళ్లజోడు పెట్టుకుని, కొలత ప్రకారం, రెండు మూడు నెలలు వాడి చూడవచ్చు. నొప్పి ఎంత ఉందో వారానికోసారి క్యాలెండరు మీద రాసుకుంటే, గుణం నిజమో భ్రమో తేలిపోతుంది. మందులు మాత్రం ఆపకూడదు. కొత్తగా కొనదలచినవారు డబ్బు కట్టేముందు ఒకసారి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడగడం మేలు.

వైద్య ఆరోగ్య శాఖవారు కూడా ఈ విషయంలో మౌనం వీడాలి. ఔషధ తనిఖీ అధికారులు మందుల షాపుల్ని చూస్తున్నట్లే ఫోనుల్లో వస్తున్న ఈ ప్రకటనల మీద కన్ను వేయాలి. గ్రామాల్లో షుగరు పరీక్షలకు తిరిగే ఆశా కార్యకర్తల చేత, లైటు పెట్టుకున్నా మాత్ర మానవద్దన్న ఒక్క ముక్క చెప్పించినా ఎన్నో పాదాలు నిలబడతాయి.